కత్తెర ముట్టని బట్ట: ఇంకాల నేత మీద ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. ఈ సభలో గుంట మగ్గం మీద కూర్చుని నేసినవాళ్లున్నారు, చేనేత చదువుకుంటున్న పిల్లలున్నారు, చరిత్ర మీద ఇష్టంతో వచ్చినవాళ్లూ ఉన్నారు. అందుకని రాజుల పేర్లతో కాకుండా ఒక బట్టతో మొదలుపెడతాను.

అమెరికాలో వాషింగ్టన్ నగరంలోని డంబార్టన్ ఓక్స్ సంగ్రహాలయంలో దక్షిణ అమెరికా ఇంకాల నాటి అంగీ ఒకటి ఉంది. పొడవు సుమారు 90 సెంటీమీటర్లు, వెడల్పు 77. చేతులు లేవు, గుండీలు లేవు. మెడ దగ్గర ఒక నిలువు చీలిక, అంతే. ఒళ్లంతా చిన్న చిన్న చదరాలు, ఒక్కో చదరంలో ఒక్కో రేఖాకృతి. వీటిని టొకాపు అంటారు. ఆ చదరాల్లో ఒక రకాన్ని దగ్గరికి వెళ్లి చూస్తే అందులో బుల్లి అంగీ బొమ్మ ఉంటుంది. నలుపు తెలుపు గళ్లు, మెడ చుట్టూ మెట్లు మెట్లుగా దిగే ఎరుపు. సైన్యంతో ముడిపడిన అసలు అంగీ అచ్చంగా అలాగే ఉండేది. రాజు ఒంటి మీది బట్టలో సైన్యపు బట్టను అంగుళం చోటులో నేసి పెట్టారన్న మాట. అద్దకం కాదు, ఎంబ్రాయిడరీ కాదు, నేతలోనే వచ్చిన బొమ్మ.

ఈ బట్టకు నాలుగు వైపులా అంచే. కోసిన కొస ఎక్కడా లేదు. ఆండీస్ పర్వతాల నేతగాళ్లు ఒక వస్త్రం ఎంత కావాలో అంత కొలతకే మగ్గం కట్టి, నేత పూర్తయ్యాక దాన్ని అలాగే దించుకునేవారు. తాను నేసి ముక్కలు కోసుకోవడం వాళ్ల పద్ధతి కాదు. నేను ఈరోజు చెప్పదలచినదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది. బట్టను కోయకూడదు అనుకున్నప్పుడు నూలు దగ్గర్నుంచి లెక్క దాకా ప్రతిదీ ముందే తేల్చుకోవాలి. ఇంకాల రాజ్యం కూడా బట్టతో అలాగే వ్యవహరించింది. ఎవరు నేయాలి, ఎవరికి ఇవ్వాలి, ఎవరు కట్టుకోకూడదు, అన్నీ ముందే తేల్చింది.

నేపథ్యం రెండు మాటల్లో. నేటి పెరూలోని కుస్కో రాజధానిగా 15వ శతాబ్దంలో విస్తరించిన రాజ్యం ఇది. వాళ్లు పెట్టుకున్న పేరు తవంతిన్‌సుయు, అంటే కలిసి ఉన్న నాలుగు దిక్కులు. నేటి ఈక్వడార్ నుంచి చిలీ మధ్య దాకా ఉండేది. 1532లో స్పెయిన్ వాళ్లు వచ్చి కూలదోశారు. మనకు తెలిసిన అర్థంలో నాణేలు లేవు. పన్ను అంటే శ్రమే.

ఇక ముడిసరుకు. సముద్రతీరంలో పత్తి పండేది. తెల్లదే కాదు, గోధుమ రంగు ఛాయల్లో సహజంగా కాసే పత్తి కూడా. కొండల మీద ఒంటె కుటుంబపు జంతువుల ఉన్ని. లామా ఉన్ని ముతక, దుప్పట్లకు, గోతాలకు, తాళ్లకు. అల్పాకా ఉన్ని బట్టలకు. అన్నిటికన్నా సన్ననిది వికూన్యా ఉన్ని, పోగు మందం 12, 13 మైక్రాన్లు ఉంటుంది, మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. అల్పాకాది 20 నుంచి 30 మధ్య. వికూన్యా అడవి జంతువు, పెంపకానికి లొంగదు. అందుకని చాకు అనే ఉమ్మడి వేట నడిపేవారు. వేలమంది చేతులు కలిపి వలయం కట్టి, ఆ వలయాన్ని బిగించుకుంటూ జంతువులను ఒక చోటికి తోలి, ఉన్ని కత్తిరించి వదిలేసేవారు. ఒక ప్రాంతంలో చేశాక మళ్లీ నాలుగేళ్లకు గానీ అక్కడ చేసేవారు కాదు. ఒక్కో జంతువు నుంచి వచ్చేది పావు కిలో లోపే. పైగా రెండు మూడేళ్లు ఆగితే గానీ కత్తిరించేంత ఉన్ని పెరగదు. వికూన్యా బట్ట రాజుకే ఎందుకు పరిమితమైందో ఈ లెక్కలోనే తెలిసిపోతుంది.

వడకడం తకిలితో. ఇంకాల భాష క్వెచువాలో దాన్ని పుష్కా అంటారు. ఆడవాళ్లు నడుస్తూ, లామా, అల్పాకా మందలను కాస్తూ, కబుర్లు చెప్పుకుంటూ వడికేవారు. ఇప్పటికీ ఆ కొండల్లో అదే దృశ్యం. ఇక్కడ పురి గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే సగం లోపాలు ఇక్కడే పుడతాయి. దారాన్ని నిలువుగా పట్టుకుని చూడండి. మామూలు ఆండీస్ దారంలో ఒంటి పోగు పురి గీతలు కింద ఎడమ నుంచి పైకి కుడివైపుకు వాలి ఉంటాయి. అలాంటివి రెండు తీసుకుని ఎదురు దిశలో పురి పెట్టి రెండు పేటల దారం చేస్తారు. ఎదురు పురి ఎందుకంటే, ఒంటి పోగులో పురి విప్పుకోవాలని చూస్తుంది. రెండో పురి దాన్ని పట్టి ఆపుతుంది. రెండూ సరిగ్గా తూగితే దారం వదిలినా మెలితిరగదు. ఒంటి పోగుకు పురి ఎక్కువై, పేటకు తక్కువైతే ఉండలు ఉండలుగా చుట్టుకుపోతుంది. పురి మరీ తక్కువైతే ఇంకో బాధ. వాళ్ల రోజువారీ బట్టలో పడుగు, అంటే మగ్గం మీద నిలువుగా బిగించిన పోగులు, ఒకదానికొకటి ఆనుకుని కిక్కిరిసి ఉంటాయి. పేక, అంటే వాటి మధ్య అడ్డంగా నడిచే దారం, బయటికి కనపడదు. పోగులను పైకి ఎత్తి సందు తెరిచేటప్పుడు మెత్తని దారమైతే పక్క పోగుతో నూగు నూగు కలిసి అంటుకుపోతుంది. విడదీయబోతే తెగుతుంది. అల్పాకా ఉన్నికి గొర్రె ఉన్నికున్నంత వంకీలు ఉండవు, జారుతుంది. అందుకే గట్టి పురి తప్పనిసరి.

దీనికి పూర్తిగా తిరగేసిన పురి ఒకటుంది. యోకె అంటారు, ఎడమ అని అర్థం. దుష్టశక్తులు తగలకుండా దాన్ని వాడతారు. కానీ దానికి మగ్గం మీద కూడా పనుంది. బట్టంతా ఒకే దిశ పురి దారమైతే అంచులు చుట్టుకుపోతాయి. అంచు దగ్గర మామూలు దారాన్నీ ఎడమ దారాన్నీ పక్కపక్కన వేస్తే ఒకదాని లాగుడు ఇంకొకటి కొట్టేస్తుంది, అంచు తిన్నగా పడుకుంటుంది. నమ్మకమూ పనితనమూ ఒకే దారంలో కలిసిపోయాయి. నాకు చాలా ఇష్టమైన వివరం ఇది.

రంగులకు వద్దాం. ఎరుపుకు రెండు దారులు. ఒకటి వేరు. ఆండీస్‌లో రెల్బూనియం అనే మొక్క వేళ్లు వాడేవారు. మన కలంకారీ చేసినవాళ్లకు చిరివేరు తెలుసు కదా, తీరం ఇసుకలో తవ్వుకునేవారు. ఆ రెండు మొక్కలూ ఒకే కుటుంబానికి చెందినవి, మంజిష్ఠ కూడా అదే కుటుంబం. వేల మైళ్ల దూరంలో రెండు జాతులు ఒకే రకం వేరులో ఎరుపును కనిపెట్టాయి. రెండోది కొచినీల్ పురుగు. నాగజెముడు జాతి మొక్కల మీద తెల్లటి బూజులా పట్టి ఉంటుంది. ఆడ పురుగులను గీరి, ఎండబెట్టి, నూరితే రక్తం లాంటి ఎరుపు. కిలో ఎండు సరుకుకు దాదాపు లక్షన్నర పురుగులు కావాలి. ఎండిన పురుగు బరువులో ఐదోవంతు దాకా రంగు పదార్థమే.

రంగు పట్టడానికి పటిక. నేటి అద్దకందారుల కొలత చెబుతాను. కిలో ఉన్నికి 100 నుంచి 200 గ్రాముల పటిక. మంచి చిక్కటి ఎరుపు కావాలంటే 200 గ్రాముల కొచినీల్. లేత గులాబీకి 50 గ్రాములు చాలు. చెడేదెక్కడ? ఉన్నిలో జిడ్డు సరిగ్గా పోకపోతే రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. పటిక ఎక్కువైతే ఉన్ని బంకబంకగా తయారై వడికిన దారం నునుపు పోతుంది. నీళ్లలో ఇనుము ఉంటే ఎరుపు కాస్తా మసకబారి ఊదా బూడిద రంగుకు దిగుతుంది. పులుపు కలిపితే నారింజ ఛాయ వైపు, బూడిద నీళ్ల లాంటి క్షారం కలిపితే ఊదా వైపు జరుగుతుంది. కాగుతున్న తొట్టిలోంచి ఉన్నిని తీసి చన్నీళ్లలో ముంచితే ముడుచుకుని గట్టిపడిపోతుంది. చల్లారేదాకా అందులోనే వదలాలి. నీలానికి పటిక అక్కర్లేదు. పులిసిన మూత్రంలో నీలిమందును కరిగించి ముంచి, బయటికి తీసి గాలి తగలనిస్తే నీలం తేలుతుంది. పసుపుకు కోయె అనే చెట్టు పూలు, ఆకుపచ్చకు చిల్కా ఆకులు.

ఇప్పుడొక ముఖ్యమైన కారణం. కొచినీల్ ఉన్నికి పట్టినట్టు పత్తికి పట్టదు. ఉన్ని జంతువుల మాంసకృత్తు, పత్తి మొక్కల పీచు, రెండింటి స్వభావాలు వేరు. అందుకే రాజవస్త్రాల్లో చాలావాటికి పడుగు పత్తి, పేక ఉన్ని. పడుగు పత్తి అయితే సాగదు, బిగువు నిలుస్తుంది. దానికి రంగు వేయాల్సిన పనే లేదు, ఎందుకంటే ఆ నేతలో పేక పడుగును పూర్తిగా కప్పేస్తుంది. రంగంతా పేకదే. ఏ నూలు ఎక్కడ వాడాలో ఇంత తేటగా తెలుసుకున్నారు.

బట్టలో రెండు స్థాయిలు. ఇంట్లో ఆడవాళ్లు నేసేది అవస్కా, మామూలు బట్ట. నిపుణులు నేసేది కొంపి. కొంపికి రెండు ముఖాలూ ఒక్కలాగే ఉంటాయి, తిరగేసి కట్టుకున్నా తేడా తెలియదు. మేలైన కొంపిలో అంగుళానికి వంద దాటి పేక పోగులు ఉంటాయి.

అవస్కా మగ్గం చాలా తేలిక. రెండు కర్రలు. ఒకటి చెట్టుకో గుంజకో కట్టి, రెండోదాన్ని నడుముకు పట్టీతో తగిలించుకుని వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. లేదా నాలుగు మేకులు నేలలో దిగగొట్టి రెండు కర్రలను వాటికి కట్టేస్తారు. పడుగు వేయడం ఇద్దరు మనుషుల పని. ఎదురెదురుగా కూర్చుని దారపు ఉండను ఒకరికొకరు అందించుకుంటూ రెండు కర్రల చుట్టూ ఎనిమిది అంకెలా తిప్పుతారు. మధ్యలో పోగులు ఒకదాన్నొకటి దాటే చోటే వరుసను కాపాడుతుంది. అక్కడ ఒక్క పోగు తప్పితే బొమ్మంతా ఆ గీత వెంబడి తప్పుతుంది. ఇద్దరి చేతుల బిగువులో తేడా వస్తే బట్ట ఒక పక్క ఉబ్బి, ఒక పక్క లాగుకుపోతుంది. నేత మొదలయ్యాక దాన్ని ఎవరూ సరిచేయలేరు. పేకను కొట్టడానికి రుకి అనే లామా ఎముక పనిముట్టు, మొన దగ్గర నున్నగా అరిగి ఉంటుంది.

నాలుగు అంచుల బట్ట ఎలా ముగుస్తుందో చూడండి. పడుగు కొసల్లో తెంపులు ఉండవు, పోగు కర్ర దాకా వెళ్లి వెనక్కి తిరుగుతుంది. ఒక కొస నుంచి కొన్ని వేళ్ల వెడల్పు మేర నేసి, మగ్గం తిప్పి రెండో కొస నుంచి పైకి వస్తారు. రెండూ దగ్గరపడుతున్నకొద్దీ పడుగు బిగిసిపోతుంది, సందు తెరుచుకోదు. సందు తెరిచే వెడల్పు కర్ర తీసి సన్నది పెడతారు, తర్వాత ఇంకా సన్నది. పోగులెత్తే దారపు ఉచ్చులనూ తీసేస్తారు. చివరి కొన్ని వరుసలు సూదితో ఒక్కో పోగు కిందా మీదా దూర్చి పూర్తి చేయాల్సిందే. సంగ్రహాలయంలో ఆండీస్ బట్ట చూస్తే ఆ గీతను వెతకండి. అక్కడ నేత కొంచెం పలచగా, వంకరగా ఉంటుంది. తరచుగా బొమ్మ కూడా అక్కడ ఆగిపోయి సాదా నేత వస్తుంది. అది లోపం కాదు, బట్టను కోయలేదనడానికి సాక్ష్యం.

కొంపి మగ్గం వేరు. నిలువు చట్రం. పురుషుల అంగీని ఉంకు అంటారు. ఒంటి మీద 90 సెంటీమీటర్ల పొడవు అంటే ముందూ వెనకా కలిపి 180. వెడల్పు 75 చిల్లర. మనమైతే 75 పన్నెతో 180 పొడవు నేస్తాం. వాళ్లు తిరగేశారు. పడుగు పొడవు 75, మగ్గం వెడల్పు 180. అంటే వేసుకున్నప్పుడు పడుగు అడ్డంగా, పేక నిలువుగా ఉంటుంది. అంత వెడల్పు మగ్గం ముందు ఒకరికి మించి నేతగాళ్లు పక్కపక్కన కూర్చుని పనిచేయవచ్చు. మెడ చీలికను కూడా కోయలేదు. అక్కడ పడుగు పోగులను తాత్కాలికంగా కట్టిన ఒక తాడు దగ్గర వెనక్కి తిప్పారు. నేత అయ్యాక తాడు లాగేస్తే చీలిక మిగులుతుంది, దానికి రెండు పక్కలా అంచే.

రంగు మారే చోట ఏం చేశారు? ప్రతి రంగు పేకా తన చదరం దాకా వెళ్లి వెనక్కి తిరుగుతుంది. పక్క రంగుతో కలపకుండా వదిలేస్తే అక్కడ సన్నటి చీలిక ఏర్పడుతుంది. తీరప్రాంతపు నేతగాళ్లు అలా వదిలేవారు. ఇంకాలు మాత్రం ప్రతి వరుసలో రెండు రంగుల పేకలను ఒకదానిలో ఒకటి కొక్కెంలా తగిలించారు. మన గద్వాల చీరలో పత్తి ఒళ్లునూ పట్టు అంచునూ కలిపే కుప్పడం గుర్తు తెచ్చుకోండి. సూత్రం అదే. గద్వాలలో ఆ కలయిక చీర పొడవునా రెండు గీతల మీద ఉంటుంది. టొకాపు అంగీలో వందల చోట్ల. వాళ్లకు ఇది ఎందుకు అవసరమో కూడా ఆలోచించండి. పడుగు అడ్డంగా ఉంది కాబట్టి, చీలికలు వదిలితే అవి ఒంటి మీద అడ్డంగా వస్తాయి. బట్ట బరువుకు ప్రతి చీలికా నోరు తెరుస్తుంది. కొక్కెం వేస్తే ఆ చోటు మిగతా బట్టంత గట్టిగా ఉంటుంది.

దించాక పని తక్కువ. సగానికి మడిచి, చేతులు దూరే చోటు వదిలి, రెండు పక్కలా రంగురంగుల కుట్టుతో కలపడం. కింది అంచు దగ్గర వంకర టింకర గీత కుట్టడం. అంతే, ఉంకు తయారు.

ఇక ఎవరు ఏం కట్టుకునేవారు? మగవాళ్లకు లోపల వరా అనే గోచీ, పైన ఉంకు, భుజాల మీద యకోయా అనే దుప్పటి, కోకా ఆకుల సంచి చుస్పా. పిల్లవాడు యువకుడయ్యాడనడానికి గుర్తు తొలి గోచీ కట్టడమే, ఆ పండుగ పేరు వరాచికుయ్. ఆడవాళ్లకు ఒంటికి చుట్టే అక్సు, దానికి చుంపి అనే నడికట్టు, పైన యిక్యా అనే శాలువా, వాటిని పట్టి ఉంచడానికి తుపు అనే లోహపు పిన్ను. ఆడవాళ్ల బట్ట కూడా కుట్టు లేనిదే. మన చీరలా చుట్టుకోవడమే. రాజుకు నుదుటి మీద ఎర్రటి కుచ్చు, మస్కాపాయిచా. కిరీటం స్థానంలో ఉన్నది ఉన్ని కుచ్చే.

పన్ను సంగతి. ప్రభుత్వం ఉన్ని ఇస్తుంది, ప్రతి ఇల్లూ ఏడాదికి ఒక వస్త్రం నేసి ఇవ్వాలి. ముడిసరుకు ఇంటివాళ్లది కాదు, శ్రమ మాత్రమే వాళ్లది. ఇది చాలా కచ్చితమైన గీత. దీనికి తోడు నిపుణుల కేంద్రాలు. అక్యా అనే, ఎంపిక చేసి తెచ్చిన ఆడపిల్లలు గోడల వెనక వడికి నేసేవారు. హువానుకో పంపా అనే ఊళ్లో ఒకే ద్వారం ఉన్న ప్రాకారంలో 50 ఇళ్లు బయటపడ్డాయి, వడికే నేసే పనిముట్లతో సహా. పురుషులైన కొంపి నేతగాళ్లు కొంపికమయోక్. టిటికాకా సరస్సు దగ్గర మిల్లిరాయాలో హుయ్నా కాపక్ రాజు వెయ్యిమంది నేతగాళ్లను నివాసం పెట్టించాడు. హువానుకో ప్రాంతంలోనే చుపాచు అనే ప్రజలు ఇచ్చిన సేవల లెక్కను 1549లో స్పెయిన్ అధికారులు రాసుకున్నారు. అందులో కొంపి నేయడానికి 400 మంది, రంగులకు 40 మంది, ఈకల పనికి 120 మంది. ఆ లెక్కను స్థానికులు కీపు అనే ముడుల తాళ్ల నుంచి చదివి చెప్పారు. లెక్క కూడా దారం మీదే.

ఈ బట్ట కొల్కా అనే గిడ్డంగులకు చేరేది. 1532లో కహమార్కాలో దిగిన స్పెయిన్ సైనికులు ఇళ్ల కప్పుదాకా పేర్చిన బట్టల మూటలు చూశారు. ఎంత తీసుకున్నా తరిగినట్టు కనిపించలేదని వాళ్లలో ఒకరు రాశారు. నవంబర్ 16న అతవాల్పా రాజు పల్లకీ ముందు గళ్ల అంగీల మనుషులు దారి ఊడుస్తూ వచ్చారు. చదరంగం పలకలా ఉన్నారని చూసినవాళ్లు రాశారు. ఆ గళ్ల అంగీలు ఇందాక చెప్పిన టొకాపు చదరంలోని బొమ్మను గుర్తు చేస్తాయి.

బట్ట ఎటు వెళ్లేది? సైనికులకు. పెళ్లిళ్లకు. ఓడిపోయిన రాజ్యం పెద్దకు. కొత్తగా లొంగిన నాయకుడికి ఇంకాల రాజు తొలుత ఇచ్చేది కొంపి అంగీ. అది కట్టుకుంటే అధికారం ఒప్పుకున్నట్టు. రాజు ఇవ్వకుండా కొంపి కట్టుకోవడం నేరం. ఒక్కో జాతి తన తలపాగా, తన వేషం మార్చకూడదన్న కట్టడి కూడా ఉండేది, ఎవరు ఎక్కడివారో చూడగానే తెలియాలని. దేవుడికీ బట్టే. సూర్యుడికి కొంపి వస్త్రాలను నిప్పులో వేసేవారు. రాజు ఒంటిని తాకిన బట్టలను పెట్టెల్లో దాచి ఏడాదికోసారి కాల్చేసేవారు. ఇన్ని నెలల పనిని బూడిద చేశారేమిటని మనకు గుండె చివుక్కుమంటుంది. వాళ్ల దృష్టిలో అంతకన్నా విలువైనది ఇవ్వడానికి ఏమీ లేదు. 1999లో అర్జెంటీనా సరిహద్దులో 6,739 మీటర్ల ఎత్తున్న యుయ్యాయికో శిఖరం మీద బలిగా ఇచ్చిన ముగ్గురు పిల్లల దేహాలు మంచులో దొరికాయి. వాళ్ల పక్కన చిన్న బంగారు, వెండి, గవ్వ బొమ్మలు. ఆ బొమ్మలకు అరచేయంత దుస్తులు, అవి కూడా కోసినవి కావు. బొమ్మ కొలతకే మగ్గం కట్టి, నాలుగు అంచులతో నేసినవి.

టొకాపులు అక్షరాలని, వాటిని చదివేశామని చెప్పేవాళ్లు ఎదురవుతారు. అది నిరూపణ కాలేదు. హోదాను చూపే గుర్తులని చెప్పడమే సబబు.

స్పెయిన్ పాలనలో కొంపి నేత కొంతకాలం నిలిచింది, పట్టు, వెండి జరీ కూడా చేరాయి. గొర్రె ఉన్ని వచ్చింది, కాలితో తొక్కే మగ్గాలు వచ్చాయి, నేతగాళ్లను బంధించి పనిచేయించే కార్ఖానాలు వచ్చాయి. 1781లో, స్పెయిన్ పాలన మీద రెండో తుపాక్ అమారు నడిపిన తిరుగుబాటును అణిచాక, అరేచే అనే అధికారి ఇచ్చిన తీర్పులో ఇంకాల దుస్తులను నిషేధించాడు. ఉంకు, యకోయా, మస్కాపాయిచా పేర్లు పెట్టి మరీ. రెండున్నర శతాబ్దాల తర్వాత కూడా పాలకులు ఆ అంగీకి భయపడ్డారు.

కుస్కో పక్కన చించెరోలో ఇప్పటికీ ఆడవాళ్లు నేలలో మేకులు కొట్టి, ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని పడుగు వేస్తారు. కొచినీల్‌ను అరచేతిలో నలిపి రంగు చూసుకుంటారు. ఇక్కడ బల్ల మీద అదే పద్ధతిలో నేస్తున్న చిన్న నడికట్టు ఉంది, రెండు వేళ్ల వెడల్పు మిగిలింది, సందు ఇక తెరుచుకోదు. సూది పక్కనే పెట్టాను. నేత వచ్చినవాళ్లు ముందుకు రండి, చివరి వరుసలు మీరే దూర్చి చూద్దురు గానీ.